మొన్న రాసినట్టే

మట్టెవాడలో బట్టల దుకాణాల వెనక సందులో ఒక చిన్న ప్రైవేటు బడి ఉంది. నర్సరీ నుంచి ఏడో తరగతి దాకా, పదకొండు మంది టీచర్లు. రింగు రోడ్డు వైపు ఏసీ బస్సులతో, ఈత కొలనుతో కొత్త బడి ఒకటి తెరిచాక ఒక్క ఏడాదిలోనే నలభై మంది పిల్లలు అటు వెళ్లిపోయారు. అప్పటి నుంచి కరెస్పాండెంట్ రాజేశ్వర్ రావుకు ఒకటే ధ్యాస.

"తల్లిదండ్రులు యాడున్నరు? ఫోన్ల ఉన్నరు. మరి మనం యాడున్నం?" అని స్టాఫ్ రూముకు వచ్చినప్పుడల్లా అడిగేవాడు. జవాబు మాత్రం ఆయనకు అక్కర్లేదు.

బడి ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, వాట్సాప్ గ్రూపులు అన్నీ కంప్యూటర్ టీచర్ భానుచందర్ మీదే పడ్డాయి. పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య తన ఫోన్లోంచే పెట్టేవాడు. సద్దుల బతుకమ్మ పోస్టు పండుగ అయిపోయిన మర్నాడు పెట్టాడొకసారి. ఇంకోసారి డ్రిల్ సార్ ఫొటో కింద ఆయమ్మ పేరు పడింది. రెండుసార్లూ తిట్లు తిన్నాక అతనే వెళ్లి చెప్పాడు.

"సార్, దీనికి సాఫ్ట్‌వేర్లు ఉంటయ్. శనివారం ఒక గంట కూసొని వారం పోస్టులన్నీ పెట్టుకుంటే, టైముకు అవే పోతయ్. ఏది ఎంతమంది చూసిన్రో గూడ చెప్తయ్."

"అయితే రెండు మూడు వాడి చూసి, మంచిది తియ్యి."

భానుచందర్ ఏ పని చేసినా ఒళ్లు దాచుకోకుండా చేసే మనిషి. మూడింటిని ఎంచుకుని ఒక్కోదాన్ని రెండేసి వారాలు వాడాడు. మొదటిది తేలిక. క్యాలెండర్ లాంటి పేజీ, తేదీ మీద పోస్టు పెట్టి సమయం చెబితే చాలు. ఎంతమంది చూశారో, ఎంతమందికి నచ్చిందో చెప్పి ఊరుకునేది. రెండోదానికి లెక్కల పిచ్చి. ఏ గంటకు ఎవరు చూస్తున్నారు, హన్మకొండ వాళ్లెందరు, తొర్రూరు వాళ్లెందరు, ఆడవాళ్లెందరు అని రంగురంగుల గీతలు గీసేది. కానీ తెలుగు ఒత్తులు విడగొట్టేసేది. 'విద్యార్థి' అని పెడితే ముక్కలు ముక్కలుగా వచ్చేది. మూడోది పెద్ద కంపెనీల కోసం చేసింది. సంస్థ పోస్టును ఉద్యోగులందరూ తమ సొంత ఖాతాల నుంచి పంచాలి. ఎవరు పంచినా, సొంతంగా తీసి సంస్థ పేజీకి పంపినా, దాన్ని ఎంతమంది చూశారో వాళ్ల పేరు మీద పడుతుంది. వారం చివర పేర్లన్నీ ఒక వరుసలో వస్తాయి, ఎక్కువ వచ్చినవాళ్లు పైన, తక్కువ వచ్చినవాళ్లు అడుగున.

ఆ మూడోదాన్ని పరీక్షించడానికి పేర్లు కావాల్సి వచ్చి బడిలో టీచర్ల పేర్లే కొట్టాడు. అంకెలు నోటికొచ్చినవి వేశాడు. తెలుగు చెప్పే కమల టీచర్ పేరు ఆఖరున గుర్తొచ్చి, ఆఖరున కొట్టాడు. ఆ పేరు పక్కన సున్నా ఉంది.

రెండు పేజీల రిపోర్టు రాశాడు. మనకు మొదటిది చాలు, మూడోది అవసరం లేదు అని స్పష్టంగా పెట్టాడు. మూడూ ఎలా కనిపిస్తాయో తెలియాలని చివర మూడు బొమ్మలు కూడా జతచేశాడు.

రాజేశ్వర్ రావు పేజీలు తిప్పి మూడో బొమ్మ దగ్గర ఆగాడు.

"గిదేంది? ఇందుల మనోళ్ల పేర్లున్నయ్?"

"వట్టిగనే సార్. టెస్టింగ్ కోసం వేసిన."

"అంటే ఎవరు పని చేస్తాన్రో, ఎవరు ఉత్తగ కూసుంటాన్రో ఇందుల కనవడతదా?"

"పని అని కాదు సార్. ఎవరిది ఎంతమంది చూసిన్రో..."

"గదే పని." ఎర్ర పెన్ను తీసి బొమ్మ చుట్టూ గీత గీశాడు. "ఇది పెట్టు."

"సార్, మనకు మొదటిది సరిపోతది. రెండో పేజీల రాసిన..."

"చదివిన భానూ. మంచిగ రాసినవ్."

*

కమల టీచర్ ఆ బడిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతోంది. భర్త పోయి తొమ్మిదేళ్లు. బడి పక్క సందులోనే ఒక గదిలో ఉంటుంది. భానుచందర్ కూడా ఆ బడిలోనే చదివాడు. ఒకటో తరగతిలో అతని చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమే. ఇప్పటికీ స్టాఫ్ రూములో అందరి ముందూ "ఏం రా భానూ" అనే పిలుస్తుంది.

జనవరిలో మూడోది మొదలైంది. టీచర్లందరి ఫోన్లలో భానుచందరే దాన్ని ఎక్కించాడు. కమల ఫోన్లో నలభై ఒక్క నంబర్లున్నాయి. తొర్రూరులో అక్క, ఇద్దరు మరదళ్లు, గ్యాస్ అతను, పాల అతను, పాత పిల్లల తల్లులు కొందరు. ఆ వారం ఆమె బడి పోస్టులను ఆ నలభై ఒక్క మందికీ పంపింది. ఆరుగురు చూశారు.

సోమవారం ప్రార్థన కాగానే రాజేశ్వర్ రావు జాబితా అచ్చు తీయించి తెచ్చాడు.

"అడుగున ఉన్నోళ్లే చదవాలె. అప్పుడైతే మంచిగ యాదికుంటది. కమల మేడం, రాండ్రి. మీ గొంతు గూడ మంచిగుంటది."

ఆమె ముందుకెళ్లి చదివింది. పదకొండు పేర్లు, పక్కన అంకెలు. పై నుంచి కిందికి చదువుతూ వచ్చి, చివర తన పేరు, తన అంకె చదివింది. మొదటి పేరుకు పిల్లలు చప్పట్లు కొట్టారు. చివరి పేరుకు ఏం చేయాలో తెలియక కొందరు దానికీ కొట్టారు.

రెండో సోమవారం కూడా ఆమే చదివింది. మూడోది కూడా. నాలుగో వారానికి ఏడో తరగతి పిల్లలు ప్రార్థన అయిపోగానే ఆమె వైపు తిరిగి నిలబడడం నేర్చుకున్నారు. లెక్కల టీచర్ సుభాషిణి ఆమెకు దగ్గరి స్నేహితురాలు. ప్రతి వారం పది, తొమ్మిది స్థానాల్లో ఉండేది. కమల చదువుతున్నంతసేపూ నేల చూస్తూ నిలబడేది. అయిపోయాక ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. కమల కింద ఉన్నంతకాలం తను ఆ కాగితం ముట్టుకోనక్కర్లేదని సుభాషిణికి తెలుసు. తెలుసని కమలకూ తెలుసు.

ఆ నెలాఖరున రాజేశ్వర్ రావు ఇంకో మాట చెప్పాడు. వరుసగా మూడు నెలలు అడుగున ఉన్నవాళ్లు జూన్‌లో రానక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం కమల కంప్యూటర్ గదికి వచ్చింది.

"భానూ, ఆ మెషిన్ల నా పేరు జర పైకి జరుపరాదు రా? ఒక్క వారం. ఒక్కసారి వేరేటోళ్లు చదివితే నాకు శ్వాస ఆడతది."

"అది దానంతటదే చేస్తది టీచర్. మన చేతుల ఉండదు."

అది అబద్ధం. అతను కావాలంటే ఆమె పేరు జాబితాలోంచి తీసేయగలడు, అంకె మార్చగలడు. కానీ మార్చిన గుర్తు సార్‌కు కనబడుతుంది. అతను ఆ వారం మూడో స్థానంలో ఉన్నాడు.

ఆమె కదల్లేదు. అబద్ధం చెప్పిన సిగ్గుకు ఏదో ఒకటి ఇచ్చి పంపాలనిపించి కుర్చీ జరిపి లెక్కల పేజీ తెరిచాడు.

"ఇది చూడుండ్రి టీచర్. శుభాకాంక్షలు ఎవరూ చూస్తలేరు. మార్కులు చూస్తలేరు. ఈ ఏడు అన్నిటికంటె ఎక్కువ పోయింది ఏందో తెలుసా? జెండా పండుగ నాడు డాన్సుల ఒక పొల్ల జారి పడ్డది గద, గది. నవ్వొచ్చేది పోతది. చిన్నపిల్లలు ఉంటే పోతది. ముప్పై సెకండ్లు దాటొద్దు. మొదటి మూడు సెకండ్లల్ల ఏదన్న కావాలె."

"ఏదన్న అంటే?"

"ఏదైన టీచర్. చూసెటోడు ఆగాలె. గంతే."

ఆమె బుద్ధిగా విన్నది, పిల్లలు తన పాఠం విన్నట్టు. మూడు సెకన్లా, మూడు నిమిషాలా అని ఇంకోసారి అడిగి వెళ్లిపోయింది.

*

నాలుగో తరగతిలో అక్షర అని ఒక పిల్ల ఉంది. తొమ్మిదేళ్లు. ముందటి సంవత్సరం నెక్కొండ నుంచి వచ్చారు. తండ్రి మిర్చి మార్కెట్లో బస్తాలు మోస్తాడు, తల్లి రమ్య చీరల దుకాణంలో పని చేస్తుంది. పిల్ల చురుకే. ఎక్కాలు నోటికి చెబుతుంది, పాట ఒక్కసారి వింటే పట్టేస్తుంది. చదవడం మాత్రం రాదు. పుస్తకంలో అక్షరాలు ఒకచోట నిలబడవని చెప్పేది. "అవి ఉరుకుతయ్ టీచర్" అనేది.

పాత బడి వాళ్లు మొద్దు అన్నారు. కమల అనలేదు. జూలై నుంచి రోజూ అన్నం బెల్లు కొట్టాక పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అరచేతిలో వేలితో ఒక్కో అక్షరం రాసేది. కళ్లు మూసుకుని అదేమిటో చెప్పమనేది. అరచేతిలో రాస్తే పిల్ల తప్పకుండా చెప్పేది. దసరా నాటికి 'అమ్మ' చదివింది. చదివిన రోజు ఇంటికెళ్లి తల్లితో, టీచర్ చేతిలో మందుందని చెప్పిందట. తన పేరు రాయడం మాత్రం ఇంకా కుదరలేదు. మూడు అక్షరాలూ వచ్చేవి, వరుస తప్పేది.

ఫిబ్రవరి రెండో వారం శుక్రవారం మధ్యాహ్నం. కమల ఫోన్‌ను చాక్‌పీసు డబ్బాకు ఆనించి నిలబెట్టింది.

"అక్షరా, వచ్చి బోర్డు మీద నీ పేరు రాయి బిడ్డా."

పిల్ల లేచి వచ్చి నాలుక బయటపెట్టి శ్రద్ధగా రాసింది. అరక్ష.

"ఏం రాసినవ్?"

"నా పేరు టీచర్."

"చదువు."

పిల్ల వేలు పెట్టి చదివింది. "అ" అంటూ అ మీద, "క్ష" అంటూ ర మీద, "ర" అంటూ క్ష మీద. చదివి, టీచర్ వైపు చూసి నవ్వింది.

కమల కూడా నవ్వింది. ఇరవై రెండేళ్లలో ఆమె ఒక పిల్లను చూసి అలా నవ్వలేదు.

"పేరేమో అక్షర, అక్షరం ముక్క రాదు!"

తరగతి అంతా ఘొల్లుమంది. అందరూ నవ్వుతున్నారు కాబట్టి తను బాగా చేసిందనుకుని అక్షర ఇంకా గట్టిగా నవ్వింది. ఇరవై ఎనిమిది సెకన్లు.

బడి పేరు మీద వెళ్లే ప్రతి పోస్టునూ ముందు భానుచందర్ చూసి ఒప్పుకోవాలి. అక్షర దోషాలు పోవద్దని ఆ ఏర్పాటు అతనే చేసుకున్నాడు. కమల పంపిన ఆ వీడియోను శనివారం చూశాడు. నవ్వొచ్చింది. ఇంకోసారి చూశాడు, పిల్ల నాలుక బయటపెట్టడం చూశాడు. వద్దనుకున్నాడు. సోమవారం కాగితం పట్టుకుని నిలబడే కమల టీచర్ గుర్తొచ్చింది. ఆదివారం సాయంత్రం ఏడున్నరకు ఎక్కువమంది చూస్తారని సాఫ్ట్‌వేర్ చెప్పింది. ఆ సమయానికి పెట్టి ఒప్పుకున్నాడు.

సోమవారం ప్రార్థన వేళకు రెండు లక్షల మంది చూశారు.

ఆ రోజు జాబితా సుభాషిణి చదివింది. మొదటి పేరు తన స్నేహితురాలిదే. "కమల." పిల్లలు ఈలలు వేశారు. రాజేశ్వర్ రావు కమలకు శాలువా కప్పి, "మన స్టార్ యాడ?" అని నాలుగో తరగతి వరుసలోంచి అక్షరను కూడా పైకి పిలిచాడు. పిల్ల ఉరికొచ్చింది. ఆయన ఆమె చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. వెనక వరుసల్లోంచి ఎవరో "అరక్షా!" అని అరిచారు. తర్వాత అందరూ అరిచారు. పిల్ల ఆ పేరు తనదే అన్నట్టు చెయ్యూపింది.

కమల ఆ రోజు అన్నం రెండోసారి పెట్టుకుని తిన్నది. దాచిపెట్టడం దేనికి, ఆమెకు సంతోషంగా ఉంది. దారిలో పాల అతను ఆపి, "టీచరమ్మా, మిమ్మల్ని చూసిన" అన్నాడు. తొర్రూరు నుంచి అక్క ఫోన్ చేసింది. ఇన్నేళ్లుగా ఎవరూ ఆమెను చూసినట్టు చెప్పలేదు.

*

కింద వ్యాఖ్యల్లో జనం రెండో భాగం అడిగారు. రాజేశ్వర్ రావు వారానికొకటి కావాలన్నాడు. కమల రెండోది తీసింది. ఈసారి 'బడి' రాయమంది, పిల్ల 'డిబ' రాసింది. అది మొదటిదాన్ని మించి పోయింది.

అక్షరకు సంగతి కొంచెం కొంచెంగా తెలిసింది. రేషన్ దుకాణం దగ్గర ఒకామె ఆపి, "ఏయ్ అరక్షా, నీ పేరు రాయవే" అని చేతికి పెన్నిచ్చింది. రాస్తే పది మంది ఫోన్లు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు మెచ్చుకోలు కాదని ఆ రోజు అర్థమైంది. ఇంటికి పోయి తల్లికి చెప్పలేదు. పక్కింట్లో ఐదో తరగతి పిల్ల చేత కాగితం మీద తన పేరు రాయించుకుంది. ఆ కాగితం చూసి రోజూ చాక్‌పీసుతో గచ్చు మీద రాసి, తుడిచి, మళ్లీ రాసింది. చూపు దారి తప్పినప్పుడల్లా అరచేతిలో వేలితో రాసుకుని సరిచూసుకుంది. అది టీచర్ నేర్పిన పద్ధతే. ఎనిమిది రోజులు పట్టింది.

మూడో వీడియోకు రాజేశ్వర్ రావు స్వయంగా తరగతికి వచ్చాడు. భానుచందర్ స్టాండు తెచ్చి తన ఫోన్ బిగించాడు. కిటికీలోంచి వెలుగు బోర్డు మీద పడేలా బెంచీలు జరిపారు.

"పేరే రాపియ్యుండ్రి మేడం. జనాలకు గదే కావాలె" అన్నాడు.

"రాయి బిడ్డా" అంది కమల.

అక్షర రాసింది. నెమ్మదిగా, ఒక్కో అక్షరం పెట్టాక ఎడమ అరచేయి చూసుకుంటూ. అ. క్ష. ర. రాసి, పక్కకు జరిగి, అందరికీ కనబడేలా నిలబడింది. ఎవరూ నవ్వలేదు. ఆమె టీచర్ కళ్లలోకే చూస్తోంది.

"ఇదేంది? ఆపు, ఆపు," అన్నాడు రాజేశ్వర్ రావు. "మేడం, ఇది ఎవడు చూస్తడు? బడిల పిల్ల పేరు రాసుడు గూడ ఒక వింతనా?"

కమల బోర్డు వైపు చూసింది. జూలై నుంచి తను పడిన పాటు అక్కడ ఉంది. క్ష కింది ఒత్తు కూడా సరిగ్గా వచ్చింది. ఇవాళ గురువారం, సోమవారానికి నాలుగు రోజులున్నాయి. డస్టర్ తీసుకుని తుడిచేసింది.

"అట్ల కాదు బిడ్డా. మొన్న రాసినట్టే రాయి."

"గది తప్పు గద టీచర్?"

"తప్పే. గట్లనే రాయి."

పిల్ల చాక్‌పీసు తీసుకుని బోర్డు ముందు నిలబడింది. అ రాసింది. ఆగిపోయింది. సరైన వరుస అంత కష్టపడి పట్టుకుంది కదా, ఆ తప్పు వరుస ఇప్పుడు గుర్తు రావడం లేదు. వెనక్కి తిరిగి మెల్లిగా అడిగింది.

"ర ముందా టీచర్, క్ష ముందా?"

భానుచందర్ స్టాండు మర బిగిస్తున్నట్టు కిందికి వంగాడు.

"ర ముందు," అంది కమల.

పిల్ల రాసింది. ఈసారి తరగతి నవ్వింది. ఆ వీడియోను కూడా భానుచందర్ కమల పేరు మీదే, ఆదివారం ఏడున్నరకే పెట్టాడు. మూడూ కలిపి పదకొండు లక్షలు దాటాయి.

వీడియో తీసిన మర్నాడు డిక్టేషన్‌లో కమల 'చెట్టు' అంది. అక్షర చెయ్యెత్తింది.

"టీచర్, నిజంది రాయాల్నా, వీడియోది రాయాల్నా?"

పిల్లలు బెంచీలు చరిచి నవ్వారు. పిల్ల నవ్వించడానికి అడగలేదు. కమల "కూసో" అంది. ఆ తర్వాత ప్రతి మాటకూ అక్షర అదే అడిగింది. ఒక వారం అడిగింది. ఆపైన అడగడం మానేసింది, రాయడం కూడా మానేసింది. పలక ముందు పెట్టుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

*

రమ్యకు అందరికంటే ఆలస్యంగా తెలిసింది. ఆమెది బటన్ల ఫోన్. చీరల దుకాణంలో తోటి అమ్మాయిలు ఒకరి ఫోన్ మీదికి ఒకరు వంగి నవ్వుతుంటే, ఏందని తనూ వంగింది. మూడో వీడియో. కూతురి గొంతు. చూస్తున్నవాళ్లలో ఒకమ్మాయి, "ఇట్లాంటి దాన్ని కన్న తల్లిని చూడాలె ముందు" అన్న వ్యాఖ్య పైకే చదివింది.

దుకాణం యూనిఫాం చీరలోనే బడికొచ్చింది. ఆఫీసు గదిలో రాజేశ్వర్ రావు ఉన్నాడు. కమలనూ, భానుచందర్‌నూ పిలిపించాడు.

"ఏం తక్కువైందమ్మా?" అన్నాడు. "నీ బిడ్డను పదకొండు లక్షల మంది చూసిన్రు. మనల్ని ఎవడన్న చూస్తాండా అట్ల?"

"చూసి ఏమన్నరు సార్? మీరు చదివిన్రా?"

"అవన్నీ ఎవడు చదువుతడు? మంచిదైన, చెడ్డదైన లెక్కలకైతే వస్తది."

రమ్య ఆయన్ను వదిలేసి కమల వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"మీరు దాని చెయ్యిల రాసి నేర్పుతాన్రని చెప్తే, మీరున్న దిక్కు మొక్కిన టీచర్. అది పేరు నేర్చుకున్నది. మీకే తెల్సు నేర్చుకున్నదని. ఎనిమిది దినాలు గచ్చంత రాసింది. ఎందుకు రాస్తానవ్ బిడ్డా అంటే, టీచర్‌కు చూపెడత అన్నది."

కమల నోట వచ్చిన మాట రాకపోయినా బాగుండేది.

"నాది అడుగున ఉండె రమ్యా," అంది.

రమ్యకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. తరగతి గదికి వెళ్లి పిల్ల సంచీ తీసుకుని, చేయి పట్టుకుని నడిపించుకు వెళ్లింది. వాకిట్లో ఆరో తరగతి వాళ్లు "అరక్షా, టాటా" అన్నారు.

జూన్ వచ్చింది. కొత్తగా చేరినవాళ్లు నిరుటికంటే కూడా తగ్గారు. గేటు దాకా వచ్చిన తల్లిదండ్రులే మొహం మీద చెప్పారు: "నాలుగో తరగతి పిల్లకు పేరు రాసుడు రాదట గద మీ బడిల? వీడియో చూసినం." ఆ మాట అయిదారుగురు అన్నాక రాజేశ్వర్ రావు భానుచందర్‌ను పిలిచి, ఆ వీడియోలు ఎవరి పేరు మీద వెళ్లాయో లెక్క తీయమన్నాడు. సాఫ్ట్‌వేర్ క్షణంలో చూపించింది. మూడిటి పక్కనా కమల పేరే ఉంది. ఒప్పుకున్నది ఎవరో చూపే గడి వేరే పేజీలో ఉంటుంది. భానుచందర్ ఆ పేజీ తెరవలేదు.

"బడి ఇజ్జత్ తీసింది," అన్నాడు రాజేశ్వర్ రావు. "లెటర్ కొట్టు."

భానుచందర్ కొట్టాడు. బడి ప్రతిష్ఠకు భంగం కలిగించినందున, అని. సంతకమయ్యాక అతనే తీసుకెళ్లి ఇచ్చాడు. కమల నిలబడే చదివి, 'ప్రతిష్ఠ'లో ఒత్తు తప్పు పడిందని చూపించింది. "ఎన్నిసార్లు చెప్పిన రా భానూ," అంది.

సోమవారం జాబితా ఆగలేదు. ఇప్పుడు వారం వారం సుభాషిణి చదువుతోంది.

*

జూలైలో ఒక ఆదివారం పొద్దున కమల కరీమాబాద్‌లో రమ్య వాళ్ల గది వెతుక్కుంటూ వెళ్లింది. సంచీలో కొత్త పలక, బలపాలు పెట్టుకుంది. రమ్య ఆమెను లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. గడప దగ్గర నిలబడి, "అక్షరా, మీ టీచర్ వచ్చింది" అని మాత్రం అంది.

పిల్ల బయటికొచ్చింది. సర్కారు బడిలో వేశారు. అక్కడ రోజూ వెళ్లి కూర్చుంటుందట, నోట్సు తెరవదట. కమలను చూసి రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది.

"బాగున్నవా బిడ్డా? చెయ్యి ఇయ్యి. మనం మల్ల రాసుకుందం."

"ఫోన్ యాడ పెట్టిన్రు టీచర్?"

"ఫోన్ తేలే బిడ్డా."

పిల్ల ఆమె భుజం మీదుగా వెనక ఉన్న గోడ వైపు, ప్రహరీ మీది పూలకుండీ వైపు చూసింది. కమల సంచీని గడప మీద బోర్లించింది. పలక, బలపాలు, కళ్లజోడు పెట్టె, తాళంచెవి. ఫోన్ లేదు. పిల్ల అన్నీ చూసింది. చేతులు మాత్రం ముందుకు తేలేదు.

రమ్య వంగి, ఆ వస్తువులన్నీ సంచీలో వేసి, పలకతో సహా కమల చేతికిచ్చింది.

"తీస్కపోండ్రి టీచర్. ఇగ రాకుండ్రి."

కమల ఇప్పుడు పిల్లలు లేనిచోట పని చేస్తోంది. హన్మకొండలో ఒక ఫంక్షన్ హాలులో బుకింగులు రాస్తుంది.

భానుచందర్ మూడు వీడియోలనూ బడి పేజీలోంచి తీసేశాడు. దానికి రాజేశ్వర్ రావు అడ్డు చెప్పలేదు, ఇప్పుడు ఆయనకూ అవి అక్కర్లేదు. కానీ ఆసరికే ఎవరెవరో వాటిని దింపుకుని తమ పేజీల్లో పెట్టుకున్నారు. ఒకరు పాట కలిపారు. ఒకరు పిల్ల మొహానికి గాడిద చెవులు తగిలించారు. భానుచందర్ వెతికి పట్టుకున్నవి పందొమ్మిది. అందరికీ ఒకటే రాశాడు: ఆ పాపకు వచ్చు, ఆమె చేత కావాలని తప్పు రాయించారు, దయచేసి తీసేయండి. ఎవరు రాయించారో రాయలేదు.

ఇద్దరు తీసేశారు. పదహారు మంది జవాబివ్వలేదు. ఒకతను వెంటనే ఇచ్చాడు.

"కావాలని రాపిచ్చిన్రా? సూపర్ అన్నా. సరిగ్గ రాసిన వీడియో గూడ ఉందా? ఉంటే పంపు, రెండు కలిపి పెడితే ఇంకా పోతది."

ఉంది. స్టాండు మీద ఆ రోజు ఆపేసిన ముక్క అతని ఫోన్లోనే ఉంది. అ, క్ష, ర రాసి పక్కకు జరిగి నిలబడిన పిల్ల, అక్కడితో అయిపోతుంది. దాన్ని అతను ఎవరికీ చూపించలేదు, రమ్యకు కూడా.